నందికొండ వాళ్లకు కొన్ని ఉల్టా సలహాలు

కింద రాసే సలహాలు మొదటిసారి విన్నవాళ్లకు తలకిందులుగా తోస్తాయి. అర్జీలో కంపెనీ పేరు రాయొద్దంటాను. చెడిపోయిన బోరు పూడ్చొద్దంటాను. కూలబోతున్న క్వార్టర్లను కూల్చమని అడగొద్దంటాను. పట్టా ఇస్తామంటే చేయి చాపడానికి తొందరపడొద్దంటాను. హిల్ కాలనీ చాయ్ హోటల్లో ఇదంతా చెబితే "ఊరి మీద పగబట్టి చెప్తున్నవా అన్నా?" అని అడిగేవాళ్లుంటారు. ఆలోచించే చెబుతున్నాను. చెడిన నేలను బాగుచేయడానికి సర్కారు సొమ్ము ఒకటి కాదు, నాలుగైదు పద్దుల కింద ఉంది. అది మన దాకా రాకపోవడానికి లంచాలు, నిర్లక్ష్యం ఎంత కారణమో, మనకు మంచి కోరి చెప్పిన సలహాలూ అంతే కారణం.

ముందు ఊరి సంగతి. నాగార్జునసాగర్ ప్రాజెక్టును మొదట్లో నందికొండ ప్రాజెక్టనే పిలిచేవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక ఇంజనీర్లకూ సిబ్బందికీ కట్టినవే హిల్ కాలనీ, పైలాన్ కాలనీ. 1967లో కాలువలకు నీళ్లొదిలారు. పని తగ్గేకొద్దీ సిబ్బందీ తగ్గారు. రిటైరైనవాళ్లు, వాళ్ల పిల్లలు, ఊరి మీద బతికే చిన్న వ్యాపారులు ఆ ఇళ్లలోనే ఉండిపోయారు. 2018లో నందికొండ మున్సిపాలిటీ అయింది. అయితే కాలనీల్లో భూమీ క్వార్టర్లూ అత్యధికం నీటిపారుదల శాఖవే. ఒక పాడుబడ్డ క్వార్టర్ వెనక చెత్త పోగైందనుకోండి: గోడ ఒక శాఖది, చెత్త మున్సిపాలిటీది, కింద నీళ్లు చెడితే చూడాల్సింది కాలుష్య నియంత్రణ మండలి. అర్జీ ఈ మూడు గడపల మధ్య తిరిగి తిరిగి అరిగిపోతుంది. కాబట్టి మిగతా ఊళ్లవాళ్ల కన్నా మనం అర్జీ రాసే పద్ధతి బాగా తెలుసుకోవాలి.

రెండోది చట్టం సంగతి. 2025 జులై 24న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అంతకు ముందు దేశంలో ఇలాంటివి 103 స్థలాలున్నాయని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క తేల్చినా, శుద్ధి పని మొదలైంది ఏడింటిలోనే. ఎవరు అడగాలి, ఎవరు కొలవాలి, ఎవరు పెట్టుబడి పెట్టాలి అన్న క్రమం రాసిపెట్టి లేకపోవడం దానికో పెద్ద కారణం. ఇప్పుడు క్రమం ఉంది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత కలుషిత స్థలాల నివేదిక తయారుచేయాలి. తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర మండలి గానీ, నియమించిన నిపుణ సంస్థ గానీ ప్రాథమిక పరిశీలన చేయాలి. అనుమానం బలపడితే ఇంకో మూడు నెలల్లో వివరమైన సర్వే. ప్రమాదకర రసాయనాలు హద్దు దాటాయని తేలితే ఆ స్థలాన్ని బహిరంగంగా ప్రకటించి, రాకపోకలు ఆపి, శుద్ధి ప్రణాళిక వేయాలి. పాడుచేసినవాళ్లు దొరికితే ఖర్చు వాళ్లది. దొరక్కపోయినా, వాళ్లకు తాహతు లేకపోయినా కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. ఈ చివరి వాక్యమే మన సలహాలన్నిటికీ ఆధారం.

అర్జీలో కంపెనీ పేరు రాయకండి

ఇది వినగానే కోపం వస్తుందని తెలుసు. చిట్యాల, చౌటుప్పల్ వైపు బోర్లు చెడినచోట ఎవరినడిగినా ముందు వచ్చే మాట కంపెనీ పేరే. అది న్యాయమైన కోపం. అయినా మొదటి అర్జీలో పేరు వద్దు. సర్వే నంబరు రాయండి, హద్దులు రాయండి, నీళ్ల రంగు, వాసన ఎప్పటి నుంచి మారాయో రాయండి. దోషి ఎవరన్న ప్రశ్న ఖాళీగా వదిలేయండి.

ఎందుకంటే పేరు రాసిన మరుక్షణం అది నేల గురించిన అర్జీ కాకుండా ఒక మనిషి మీద ఫిర్యాదు అవుతుంది. ఫిర్యాదుకు ఎదుటివాడి జవాబు ఉంటుంది, వకీలు ఉంటాడు, స్టే ఉంటుంది. రాజస్థాన్‌లోని బిచ్‌రీ గ్రామంలో ఏం జరిగిందో చూడండి. 1980ల చివర్లో అక్కడి ఆమ్లాల కర్మాగారాలు బావుల్ని ఎరుపెక్కించాయి. పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని 1996 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసులోనే గట్టిగా నిలబెట్టింది. మన న్యాయ కళాశాలల్లో ఇప్పటికీ చదివే తీర్పది. శుద్ధి కోసం కట్టాల్సింది 37 కోట్ల పైచిలుకని తేలింది. కంపెనీ ఒకదాని తర్వాత ఒకటి పిటిషన్లు వేస్తూ పోయింది. 2011 జులైలో సుప్రీంకోర్టు విసిగి, చక్రవడ్డీతో కట్టమని మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. ఆ పదిహేనేళ్లూ నేల కింద ఆమ్లం ఆగలేదు. గెలిచిన కేసు సంగతే అది.

కొత్త నిబంధనల్లో దోషిని వెతికే పని రాష్ట్ర మండలిది, దానికి 90 రోజుల గడువుంది. వాళ్ల పని వాళ్లను చేయనివ్వండి. మీ దగ్గరున్న ఆధారాలు, రాత్రిపూట ట్యాంకరు వచ్చిన ఫొటోలు, లాగ్‌బుక్ ప్రతులు, ఏవున్నా విడిగా ఇంకో కవరులో ఇవ్వండి. నేల అర్జీ, దోషి అర్జీ రెండు వేరు ఫైళ్లుగా నడవాలి. ఒకటి కోర్టులో ఆగినా రెండోది కదలాలి.

దోషి దొరకని నేలకు డబ్బు ఎక్కడిదని మీరు అడగొచ్చు. అమెరికాలో లవ్ కెనాల్ అనే కాలనీ కింద రసాయన చెత్త బయటపడ్డాక, 1980లో సూపర్‌ఫండ్ చట్టం తెచ్చారు. యజమాని దొరకని స్థలాలకు చమురు, రసాయన కంపెనీల మీద పన్ను వేసి నిధి పెట్టారు. 1995లో ఆ పన్ను గడువు తీరింది, నిధి ఎండింది, పనులు నెమ్మదించాయి. రసాయనాల మీద పన్నును 2021లో మళ్లీ పెట్టారు. మన దగ్గర 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు మొదలైంది, 2016 నాటికి 400 రూపాయలైంది. స్వచ్ఛ పర్యావరణ సెస్సనే పేరు కూడా వచ్చింది. 2017లో జీఎస్టీ రాగానే అది రాష్ట్రాల నష్టపరిహారంలో కలిసిపోయింది. నిధి అంటే కట్టి వదిలేస్తే నిలిచేది కాదు. దానికి ఏటా కాపలా కావాలి. పార్లమెంటులో నల్లగొండ, భువనగిరి, నాగర్‌కర్నూల్ సభ్యులను మనం అడగాల్సిన ప్రశ్నల్లో ఇది ముందుండాలి. 2023లో జన్ విశ్వాస్ చట్టంతో పర్యావరణ పరిరక్షణ నిధి పెట్టారు కదా, అందులో ఎంత జమైంది, కలుషిత స్థలాలకు ఎంత ఖర్చయింది అని.

నష్టపరిహారం మాటేమిటి? అదీ విడిగానే. అయితే దాన్ని మరీ వెనక్కి నెట్టకండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలో పరిహారం కోసం అర్జీకి అయిదేళ్ల గడువుంది. మన ప్రాంతానికి చెన్నైలో ఉన్న దక్షిణ ధర్మాసనం.

డబ్బు తక్కువ అడగండి

"కోటి అడిగితే లక్షయినా వస్తది సార్" అనేది మన దగ్గర పాత లెక్క. నేల శుద్ధిలో ఆ లెక్క పారదు. కోటి అడిగితే సాంకేతిక అంచనా ఏదంటారు, ఫైలు వెనక్కొస్తుంది. మొదట పరీక్షకు అయ్యేంతే అడగండి. నాలుగు బోర్ల నీళ్లు, ఆరు చోట్ల మట్టి. ఆ ఖర్చు కలెక్టరు స్థాయిలోనే తేలిపోతుంది. పరీక్ష ఫలితం చేతికొచ్చాక పెద్ద మొత్తం అడగడానికి మీరక్కర్లేదు, ఆ కాగితమే అడుగుతుంది.

2010లో ప్రపంచ బ్యాంకు రుణంతో పారిశ్రామిక కాలుష్య నిర్వహణ ప్రాజెక్టు మొదలైనప్పుడు అప్పటి ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలను ఎంచుకున్నారు. మన వైపు నుంచి హైదరాబాద్ కాటేదాన్‌లోని నూర్ మహ్మద్ కుంట, కడప మున్సిపల్ చెత్తదిబ్బ అందులోకి వచ్చాయి. నందికొండకు దగ్గర్లోని ఏ కుంటకైనా రేపు అలాంటి అవకాశం తగిలితే, చేతిలో కొలతలున్న కుంటే ముందు నిలుస్తుంది.

పాడైన బోరును పూడ్చకండి

నీళ్లు చెడగానే బోరులో రాళ్లేసి మూసేయడం మన అలవాటు. పిల్లలు తాగుతారన్న భయం నిజమే. దానికి మోటరు తీసేయండి, పైన మూతపెట్టి తాళమేయండి, ఎర్ర రంగు పూయండి. బోరును మాత్రం బతకనివ్వండి. నేల కింద ఏముందో చెప్పగల సాక్షి అదొక్కటే. శుద్ధి మొదలైతే, పని ఫలించిందో లేదో పదేళ్ల దాకా చెప్పేదీ అదే. కొత్త పరిశీలన బోరు వేయాలంటే ఖర్చు, అనుమతి, ఇంకో ఏడాది.

నమూనా పట్టేటప్పుడు ఇలా చేయండి. మోటరు పెట్టి, గొట్టంలో నిలిచిన పాత నీళ్లన్నీ పోయేదాకా వదలండి. సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలవండి. లోహాల పరీక్షకైతే ప్లాస్టిక్ సీసా. ల్యాబువాళ్లు అందులో కొంచెం నత్రికామ్లం ముందే వేసిస్తే దాన్ని తొలవకూడదు, పొర్లిపోనివ్వకూడదు. సాల్వెంట్ల పరీక్షకైతే చిన్న గాజు సీసా. అంచు దాకా నింపి మూత పెట్టి తలకిందులు చేసి చూడండి. గాలి బుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ పట్టండి. ఆ బుడగలోకే సాల్వెంటు ఎగిరిపోతుంది, నివేదికలో మాత్రం ఏమీ లేదని వస్తుంది. సీసా మీద బోరు సర్వే నంబరు, లోతు, తేదీ, గంట రాయండి. మంచుపెట్టెలో పెట్టి అదే రోజు హైదరాబాద్ చేర్చండి. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు: ఎగువన ఉన్న మంచి బోరు నీళ్లు కూడా ఒక సీసా పట్టండి. మంచి నీళ్ల కొలత పక్కన లేకపోతే చెడ్డ నీళ్ల కొలతకు విలువ సగమే. ఎండాకాలం చివర ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి పట్టాలి.

ఈ సీసా కోర్టులో చెల్లదని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే. 1974 నాటి జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం చెల్లే నమూనాను మండలి అధికారే తీయాలి, కర్మాగారం వాళ్లకు నోటీసివ్వాలి, సీలు వేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. మీ సీసా పని వేరు. అధికారిని అక్కడి దాకా రప్పించడమే దాని పని. నల్లగొండలోని మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఖాళీ చేతులతో అడిగినవాడికీ, ల్యాబు నివేదికతో అడిగినవాడికీ వచ్చే జవాబు ఒక్కటి కాదు.

కంపెనీ వాళ్లు మంచినీళ్ల ట్యాంకరో, ఆర్వో ప్లాంటో ఇస్తామంటే తీసుకోండి, దాహానికి పంతాలు వద్దు. కానీ దాంతోపాటు వచ్చే కాగితం ఏ భాషలో ఉన్నా పూర్తిగా చదివించుకోనిదే సంతకం పెట్టకండి.

ఫ్లోరైడ్ ఊసు ఇందులో కలపకండి

నల్లగొండ బిడ్డకు ఇంతకన్నా కష్టమైన సలహా లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో వంగిన నడుములు, వంకరబోయిన కాళ్లు చూసి పెరిగినవాళ్లం. నీళ్లు చెడ్డవంటే మన నోట మొదట వచ్చేది ఫ్లోరైడే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని మన పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ ఫ్లోరైడ్ ఇక్కడి గ్రానైటు రాళ్లలోంచి వచ్చింది, ఎవరూ పోసింది కాదు. కలుషిత స్థలాల నిబంధనలు మనుషుల పనుల వల్ల చేరిన ప్రమాదకర పదార్థాల కోసం. ఒకే అర్జీలో రెండూ రాస్తే "ఇది ప్రకృతి సహజం" అని ఒక్క వాక్యంతో మొత్తం ఫైలు మూసేయడానికి దారి దొరుకుతుంది. ఫ్లోరైడ్‌కు దారి తాగునీటి పద్దు. కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చాయా లేదా, వస్తే రోజూ వస్తున్నాయా అన్నది వేరే పోరాటం, దానికి వేరే అర్జీ రాయండి. అది చిన్న పోరాటమని చెప్పడం లేదు.

మట్టి తవ్వి తీసుకుపోతామంటే ఒప్పుకోకండి

పాడైన మట్టిని లారీల్లో ఎత్తుకుపోతే పీడ విరగడైందనిపిస్తుంది. ఫొటోలు కూడా బాగుంటాయి. కానీ ఎక్కడికి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఒక్క లారీ కూడా కదలనివ్వకండి. మిగతా జిల్లాల వాళ్లకన్నా నల్లగొండ వాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

పటాన్‌చెరు పరిశ్రమల కథ అందరికీ తెలిసిందే. నక్కవాగు రంగు మారింది, రైతులు పోరాడారు, 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2001లో ఆ కేసు హైకోర్టుకు, అక్కణ్నుంచి హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. మధ్యలో ఒక పరిష్కారం దొరికింది: అక్కడి శుద్ధి ప్లాంటు నుంచి 18 కిలోమీటర్ల పైపులైను వేసి, వ్యర్థజలాన్ని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పోయే ప్రధాన కాలువలో కలిపారు. నక్కవాగు ఊళ్లవాళ్లకు అది ఊరటే, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ అంబర్‌పేట నీళ్లు మూసీలోకి పోతాయి. మూసీ నల్లగొండ జిల్లా పొలాల్లోంచి పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఒక జిల్లాలో మాన్పిన గాయం ఇంకో జిల్లా వరిమళ్లలో తేలింది. మూసీ ఒడ్డున సుందరీకరణ గురించి హైదరాబాద్‌లో ఇప్పుడు ఎంత మాట్లాడుతున్నారో, దిగువన ఆ నీళ్లతోనే నారు పోసే రైతు కాళ్ల మీది పుండ్ల గురించి అంత మాట్లాడాలి. ఆ ప్రాజెక్టు ఖర్చులో మన జిల్లా భాగం ఎంతని అడిగే హక్కు మనకుంది.

భోపాల్ సంగతి ఇంకా స్పష్టం. యూనియన్ కార్బైడ్ ఆవరణలో నలభై ఏళ్లు పడి ఉన్న 337 టన్నుల విషపు చెత్తను 2025 జనవరిలో పన్నెండు కంటైనర్లలో పీథంపూర్‌కు తరలించారు. కేంద్రం ఇచ్చిన 126 కోట్ల రూపాయలతో పెట్టుకున్న పని. పీథంపూర్ జనం రోడ్డెక్కారు. జూన్ నెలాఖరుకు కాల్చడం పూర్తయింది. సున్నం వగైరా కలపడంతో మిగిలిన బూడిద బరువు మొదటి చెత్త కన్నా ఎక్కువే అయింది, దాన్ని ఎక్కడ పూడ్చాలన్నది మళ్లీ కోర్టు దాకా పోయింది. ఇంతా చేసి ఆవరణలోని నేల అలాగే ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ), మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలిసి 2010లో ఇచ్చిన నివేదికలో అక్కడి కలుషిత మట్టి 11 లక్షల టన్నులని అంచనా వేశాయి. సంచుల్లో కనబడే 337 టన్నులు కదిలాయి, కనబడని 11 లక్షల టన్నులు కదల్లేదు.

కాబట్టి మొదట అడగాల్సింది ఉన్నచోటే బాగుచేసే దారులు: పైన వాననీరు దిగని పొర కప్పడం, చుట్టూ నీరు పారకుండా కట్ట వేయడం, కింది నీళ్లను తోడి శుద్ధి చేయడం. నిజంగానే తవ్వి తీయక తప్పదని నిపుణులు తేల్చితే, ప్రమాదకర వ్యర్థాల రవాణా పత్రం అడగండి. పదో నంబరు ఫారం, ఏడు ప్రతులు, ఒక్కోటి ఒక్కో రంగు. పంపినవాళ్ల నుంచి దుండిగల్ లాంటి అనుమతి ఉన్న కేంద్రం దాకా ప్రతి చేతిలో ఒక ప్రతి ఉండాలి. చివరి చేతి సంతకం ఉన్న ప్రతి చూసేదాకా లారీ చేరిందని నమ్మకండి. ఊరి చివర పాత క్వారీ గుంతలు మనకు చాలా ఉన్నాయి.

చెత్తదిబ్బ మీద మొక్కలు నాటనివ్వకండి

డంపింగ్ యార్డు చుట్టూ ప్రహరీ కట్టి, పైన ఎర్రమట్టి పోసి, మొక్కలు పెడతామంటే సంతోషంగా తలూపుతాం. మొక్కలు నాటాక దాన్ని తవ్వాలనే మాట ఇంకెవరూ ఎత్తరు. కింద చెత్త కుళ్లుతూనే ఉంటుంది, నల్లనీళ్లు దిగుతూనే ఉంటాయి.

2021లో మొదలైన స్వచ్ఛభారత్ రెండో దశలో పాత చెత్తను తవ్వి జల్లెడపట్టే బయోమైనింగ్‌కు కేంద్ర సాయం ఉంది. టన్నుకు 550 రూపాయలు ఖర్చని లెక్క కట్టి, లక్షలోపు జనాభా ఉన్న పట్టణాలకు అందులో సగం కేంద్రమే ఇచ్చేలా పెట్టారు. నందికొండ, హాలియా, దేవరకొండ లాంటి చిన్న మున్సిపాలిటీలకే ఎక్కువ వాటా అన్నమాట. టన్ను లెక్కన బిల్లు కాబట్టి మీరు చూడాల్సింది తూకం. పని మొదలుకాకముందు దిబ్బ ఎత్తుపల్లాల సర్వే చేయించి, ఆ నకలు వార్డు కౌన్సిలరు దగ్గర ఉంచండి. వానలో తడిసిన చెత్తను తూచనివ్వకండి, నీళ్ల బరువుకు కూడా మనమే డబ్బు కడతాం. జల్లెడలో పైన మిగిలే ప్లాస్టిక్, గుడ్డపేలికలు సిమెంటు బట్టీల్లో ఇంధనంగా పోతాయి, ఆ బట్టీలు దూరమేమీ కాదు, దామరచర్ల, మేళ్లచెరువు దాకానే. కింద రాలే మెత్తటి మట్టి చూడడానికి పెంటమన్నులా నల్లగా ఉంటుంది. "ఉచితంగా పొలాలకు తీస్కపోండి" అంటారు. సీసం, కాడ్మియం, క్రోమియం పరీక్షల కాగితం చూపించనిదే ఒక్క తట్ట కూడా చేనులో వేయకండి.

క్వార్టర్లు కూల్చమనకండి, పట్టాకు తొందరపడకండి

పాడుబడ్డ క్వార్టర్లలో పాములు, తాగుబోతులు, ఎప్పుడు మీద పడుతుందో తెలియని గోడ. కూల్చేయమనడం సహజం. అయినా జేసీబీ రాకముందు జాబితా రావాలి. ఆ కాలపు కట్టడాల్లో సిమెంటు రేకులుంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. రేకు నిండుగా ఉన్నంతకాలం అంత ప్రమాదం లేదు. విరిగిన అంచు దగ్గర కళ్లు పెట్టి చూడండి, బూడిదరంగు పీచు వెంట్రుకల్లా లేచి ఉంటుంది. అదే ఊపిరితిత్తుల్లోకి పోతే ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడే జబ్బు. జేసీబీ ఒక్క తోపుతో ఆ పీచును వీధంతా చల్లుతుంది. రేకులను నీళ్లతో తడిపి, మేకులు వదులు చేసి, విరగ్గొట్టకుండా దించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి విడిగా పంపాలి. ముక్కల్ని మోరీ మీద మూతలుగా, కోళ్లగూటి మీద కప్పుగా వాడుకోవద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి. పాత వర్క్‌షాపులు, స్టోర్ యార్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నచోట మట్టి పరీక్ష కూడా ఆ జాబితాలో చేర్చాలి.

ఇక పట్టా. ఉంటున్న ఇల్లు తమ పేరిట రాసివ్వాలని ఈ ఊరివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఆ డిమాండుకు నా పూర్తి మద్దతు. నేనడిగేదల్లా, సంతకానికి ముందు నేలను పరీక్షించి, ఆ నివేదికను పట్టాకు జతచేయమనండి. నేల సర్కారుది అయి ఉండగా శుద్ధి చేయడం సర్కారు బాధ్యతని వాదించడం తేలిక. మన పేరిట మారాక కింద ఏదైనా బయటపడితే ఆ వాదన బలహీనపడుతుంది. అమెరికాలో సూపర్‌ఫండ్ చట్టం కింద, పాడుచేసినవాడు కాకపోయినా కొనుక్కున్న యజమాని ఖర్చు భరించాల్సిన పరిస్థితి వచ్చింది. జనం పాత స్థలాలు కొనడానికి వెనకాడారు. కొనేముందు నేల చరిత్ర విచారించినవాళ్లకు రక్షణ కల్పిస్తూ 2002లో వేరే చట్టం తేవాల్సి వచ్చింది. ఆ రక్షణ మనకు చట్టంలో వచ్చేదాకా, పట్టా వెనక కుట్టిన ఒక్క పరీక్ష కాగితమే రక్షణ.

గని రాకముందే మూసివేత డబ్బు అడగండి

లంబాపూర్, పెద్దగట్టు పేర్లు సాగర్ జలాశయం చూసే ప్రతి కంటికీ తెలుసు. అక్కడ యురేనియం తవ్వుతామని వచ్చినప్పుడు 2003 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా కాదన్నారు. గని రాలేదు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. ఆ పోరాటాల్లో ఉన్నవాళ్లకు ఈ సలహా నచ్చకపోవచ్చు. వద్దు అని చెప్పే సభలోనే, ఒకవేళ వస్తే మూసేనాడు ఎవరు ఎంత కడతారని కూడా అడిగి మినిట్స్‌లో రాయించండి. అది ఒప్పుకోవడం కిందికి రాదు. మూసివేత ప్రణాళిక, ముందే జమ చేసే ఆర్థిక హామీ, వ్యర్థాల చెరువును మూశాక కాపలా ఎన్నేళ్లు, ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాని గని ఏదైనా సరే, సున్నపురాయిదైనా, గ్రానైటుదైనా, ఊరికి అప్పు మిగిల్చి పోతుంది.

ఇప్పటికే తవ్వుతున్న చోట్ల జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టు ఉంది. 2015 గనుల చట్ట సవరణతో వచ్చింది, గని యజమానులు రాయల్టీ మీద అదనంగా కట్టే సొమ్ము అందులో జమవుతుంది. 2024 మార్గదర్శకాల ప్రకారం గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లు నేరుగా ప్రభావితమైనవి. నిధిలో కనీసం 70 శాతం తాగునీరు, పర్యావరణ పరిరక్షణ, వైద్యం, చదువు లాంటి ముఖ్య రంగాలకే పెట్టాలి. సీసీ రోడ్లకూ కమ్యూనిటీ హాళ్లకూ పోతున్న చోట ఈ శాతం గుర్తుచేయండి. నేల పరీక్షకు ఈ పద్దు సరిగ్గా సరిపోతుంది.

ఆఖరిగా, సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాక మళ్లీ మళ్లీ అదే అర్జీ ఇవ్వకండి. ఆరు నెలలు ఆగి, సమాచార హక్కు కింద ఒకే ప్రశ్న వేయండి: గడిచిన ఆరు నెలలకు నల్లగొండ జిల్లా నుంచి అనుమానిత కలుషిత స్థలాల నివేదిక వెళ్లిందా, వెళితే నకలు ఇప్పించండి. జిల్లా స్థాయి కార్యాలయానికి పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మీ సర్వే నంబరు అందులో ఉంటే ప్రాథమిక పరిశీలన 90 రోజుల లెక్క అక్కణ్నుంచి మొదలుపెట్టండి. "అలాంటి స్థలాలేవీ లేవు" అని జవాబొస్తే ఆ కాగితానికి మీ ల్యాబు నివేదిక జతచేసి, ఒక ప్రతి రాష్ట్ర మండలికి, ఒక ప్రతి కేంద్ర మండలికి స్పీడ్ పోస్టులో పంపండి.